నా మాటలకు నవ్విన ఊరు

నేను నాటకాల్లోకి వెళ్లింది కళ మీద ప్రేమతో కాదు. అతనితో కాసేపు గడపడానికి తిరుపతిలో మాకు అంతకన్నా మంచి సాకు దొరకలేదు.

అప్పటికి నాకు ముప్పై దాటాయి. బస్టాండు దగ్గర కళ్లద్దాల షాపులో పని. వచ్చినవాళ్లను అక్షరాల బోర్డు ముందు కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి పెట్టి, "ఇప్పుడెలా ఉంది?" అని అడగడం నా ఉద్యోగం. అతను బెంగళూరు కంపెనీకి ఇక్కడ ఇంట్లోనే కూర్చుని పనిచేసేవాడు. ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు ఒక ఫ్లాట్‌లో ఒక్కడే ఉండేవాడు. డేటింగ్ యాప్‌లో కలిశాం. పెద్ద ఊళ్లలో అలా కలిసినవాళ్లు ఎక్కడైనా తిరగొచ్చు. తిరుపతిలో కాఫీ తాగుతూ కూర్చున్నా, కొండకు పోయే చుట్టం ఎవరో ఒకరు చూస్తారు. అందుకని చంద్రగిరి కోటకు వేరువేరు బస్సుల్లో వెళ్లి, లోపల అనుకోకుండా ఎదురుపడినట్టు పలకరించుకునేవాళ్లం. మొదట్లో నాకూ అది సరదాగానే ఉండేది.

తరువాత అతను ఒక నాటక బృందంలో చేరి నన్నూ చేరమన్నాడు. బ్యాంకు గుమాస్తా, టీచర్లు, రిటైరైన పోస్టుమాస్టరు, ఇలాంటివాళ్లు ఆదివారాలు ఒక స్కూలు హాల్లో రిహార్సల్సు వేసుకునేవాళ్లు. అక్కడా మేం ముక్కూమొహం తెలియనివాళ్లలాగే ఉండేవాళ్లం.

రెండో ఏడాదిలో అతను ఫోనెత్తడం మానేశాడు. గొడవ జరగలేదు, మాట పట్టింపు లేదు. రిహార్సల్‌కి వస్తే నా వైపు చూసేవాడు కాదు. ఒక వారం రిహార్సల్‌కీ రాలేదు. జ్వరమని పోస్టుమాస్టరు చెప్పాడు. స్నేహితురాలికి ఒంట్లో బాగాలేదని అమ్మతో అబద్ధం చెప్పి, మెత్తటి అన్నం, మిరియాల రసం స్టీలు క్యారియర్‌లో పెట్టించుకుని వెళ్లాను. తలుపు దగ్గరికి వెళ్లేసరికి లోపల టీవీ వినిపిస్తోంది. బెల్లు కొట్టగానే టీవీ ఆగింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. చాలాసేపు నిలబడి, చివరికి తలుపుతోనే మాట్లాడాను.

"నిన్ను పెండ్లి చేసుకోమని అడగలేదబ్బా. ఫోనెత్తమని అడిగినాను, అంతే. తలుపు తీయొద్దులే. తినేసి క్యారియర్ మాత్రం కడిగి బయట పెట్టు. మాయమ్మ అడగతాది."

క్యారియర్ గడప దగ్గర పెట్టి వచ్చేశాను. మరుసటి రోజు వెళ్లి చూశాను. బయట ఏమీ లేదు.

కొన్ని నెలలకు అతను తానే ఒక నాటకం రాసుకుని వచ్చాడు. ఈ కాలపు ప్రేమల మీద హాస్యనాటిక అన్నాడు. అందరం చుట్టూ కూర్చుంటే అన్ని పాత్రలూ తనే చదివాడు. మూడో రంగంలో ఒక అమ్మాయి క్యారియర్ పట్టుకుని ప్రియుడి తలుపు దగ్గరికి వస్తుంది. నేను తలుపుతో అన్న మాటలు, పొల్లు పోకుండా, అతని నోట వచ్చాయి. పోస్టుమాస్టరు నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"యాడ పట్టినావప్పా ఈ పిల్లను?" అన్నాడు.

"ఇట్టాంటోళ్లు ఊరికొకరు ఉంటారు సార్," అన్నాడు అతను. ఆ తరువాత నా వైపు తిరిగాడు. "ఈ పాత్ర నువ్వు సెయ్. నీకు సరిపోతాది."

అందరూ పోయాక మెట్ల మీద ఆపి అడిగాను.

"అవి నా మాటలు."

"యాడన్నా నీ పేరుండాదా?"

"పేరెందుకు? మాటకు మాట అట్టనే ఉండాదే."

"మాటలు అందరూ అంటారు. రాసినోడిది నాటకం. నువ్వు కాదంటే సెప్పు, ఇంకో పిల్లను పెడతాను."

కాదంటే ఎందుకు కాదన్నావని బృందమంతా అడుగుతుంది. ఒప్పుకోకపోతే ఆ మాటలు ఇంకో అమ్మాయి నోట, నేను కింద కూర్చుని వినాలి. చేస్తానన్నాను.

రిహార్సల్‌లో నేను ఆ మాటలు మామూలుగా అంటే అతను ఒప్పుకునేవాడు కాదు. "ఏడుపు గొంతు వద్దు. ముక్కుతో మాట్లాడు. మొహం తలుపుకు ఆనించు. 'మాయమ్మ' అన్నాక రవ్వంత ఆగు. ఆడ నవ్వుతారు సూడు," అనేవాడు. అతను చెప్పిన చోటే అందరూ నవ్వేవాళ్లు. ఎక్కడ నవ్వొస్తుందో అతనికి అంత కచ్చితంగా ఎలా తెలుసని ఆలోచించాను. ఆ రోజు తలుపు అవతల అతను అక్కడే నవ్వి ఉంటాడు.

మొదటి ప్రదర్శన తిరుపతిలోనే. తిరుచానూరు నుంచి అమ్మ మా వీధివాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. నేను నేర్చుకున్నట్టే చేశాను. హాలు ఘొల్లుమంది. ఆ నవ్వులో అమ్మ నవ్వు నాకు విడిగా వినిపించింది. తలుపు మీద మొహం పెట్టుకుని ఆ నవ్వు ఆగేదాకా కదలకుండా నిలబడ్డాను. నవ్వు ఆగకముందే కదిలితే డైలాగు పాడవుతుందని అతను చెప్పి ఉన్నాడు.

మరుసటి రోజు పొద్దున వంటింట్లో అమ్మ స్టూలెక్కి పై అర వెతుకుతోంది.

"మన క్యారియర్ నీ స్నేహితురాలి ఇంట్లోనే ఉండాదా పాపా?"

నేను పొయ్యి మీది పాలు దించాను. అమ్మ నిదానంగా స్టూలు దిగి, గోడకు చేరగిలబడి కూర్చుంది.

"నిన్న అందరికన్నా గట్టిగా నవ్వినదాన్ని నేనే. పక్కామెను తట్టి మరీ నవ్వినాను. నా బిడ్డేనని సెప్పుకోని నవ్వినాను."

తిట్టలేదు. ఎవరని అడగలేదు. ఆ నెలంతా షాపుకు నాకు అన్నం మాత్రం కట్టివ్వలేదు.

తరువాతి ప్రదర్శన చిత్తూరులో. ప్రియుడి వేషం వేసే బ్యాంకు గుమాస్తాకు ఆఖరి నిమిషంలో సెలవు దొరకలేదు. మాటలన్నీ తెలిసింది అతనికే కాబట్టి అతనే వేయాల్సి వచ్చింది. చిత్తూరు అమ్మాయితో అతనికి సంబంధం కుదిరిందని బస్సులో పోస్టుమాస్టరు చెప్పాడు. తెర సందులోంచి చూస్తే ముందు వరసలో ఆ అమ్మాయి, వాళ్ల నాయన, ఇంకా నలుగురు చుట్టాలు కూర్చుని ఉన్నారు. అమ్మాయి ఆకుపచ్చ చీర కట్టుకుని చేతిలో కరపత్రంతో విసురుకుంటోంది.

మూడో రంగం వచ్చింది. స్టేజీ మధ్యలో ఒక తలుపు. అటు అతను, ఇటు నేను. ఇద్దరం జనానికి కనిపిస్తాం. ఆ పూట నేను ముక్కుతో మాట్లాడలేదు, ఎక్కడా ఆగలేదు. నిజం తలుపు ముందు ఎలా అన్నానో అలాగే అన్నాను. ముందుగా అనుకుని చేసిన పని కాదు. అతను తలుపవతల ఉన్నాడని తెలిసేసరికి గొంతు అలా వచ్చింది.

హాల్లో ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో అమ్మాయి విసురుకోవడం ఆపింది. అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, జనం వైపు తిరిగి, "పోయిందా?" అని అడగాలి. అడగలేదు. మరిచిపోయాడు. పక్క తెర వెనక నుంచి పోస్టుమాస్టరు ఆ మాట అందించాడు. మళ్లీ అందించాడు. ముందు వరసలకు కూడా అది వినబడి ఎవరో కిసుక్కుమన్నారు. తలుపు పక్క సందులోంచి అతని మెడ నరాలు బిగుసుకోవడం నాకు కనిపించింది. నాకు సంతోషమేసింది.

అప్పుడతను నాటకంలో లేని పని చేశాడు. తలుపు తీసుకుని నా ముందుకొచ్చాడు.

"నిన్ను ఒక్కనాడన్నా రమ్మని పిలిచినానా? నీ అంతట నువ్వే గదా వచ్చింది?"

హాలు నవ్వులతో దద్దరిల్లింది. చప్పట్లు, ఈలలు. అమ్మాయి వాళ్ల నాయన తొడ చరుచుకుని నవ్వాడు. అమ్మాయి కూడా ఊపిరి పీల్చుకుని నవ్వింది. అతన్ని కలిసిన రోజు నుంచీ అతను పిలవకుండా అతని గడప నేను తొక్కలేదు. క్యారియర్ తీసుకెళ్లిన రోజు, దాని కోసం వెళ్లిన మరుసటి రోజు తప్ప. నాటకం ప్రకారం నేను క్యారియర్ తలుపు దగ్గర పెట్టి, తల వంచుకుని వెళ్లిపోవాలి. క్యారియర్ పెట్టాను, వెళ్లిపోయాను.

లోపల మొహం తుడుచుకుంటూ అతను పోస్టుమాస్టరుతో అంటున్నాడు. "బాగొచ్చింది సార్ ఆ మాట. ఇంకమీదట ఉంచేద్దాం." పోస్టుమాస్టరు అక్కడికక్కడే జేబులోంచి పెన్ను తీసి స్క్రిప్టులో రాసుకున్నాడు. నా వైపు చూసి, "నువ్వు ఈరోజు కొంచెం డల్లుగా చేసినావమ్మా, ఆ మాటతో ఆయప్ప కాపాడినాడు," అన్నాడు.

ఆ తరువాత నేను వెళ్లలేదు. పాకాల నుంచి ఒక టీచరమ్మాయి వచ్చి నా పాత్ర చేస్తోందని, చాలా బాగా నవ్విస్తోందని విన్నాను. అతని పెళ్లి అనుకున్నట్టే అయింది. నాటకం ఇంకా ఆడుతోంది.

చిత్తూరు నుంచి వచ్చిన మరుసటి రోజు నేను షాపుకు వెళ్లలేదు. అమ్మ వాకిట్లో కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. ఎదురుగా కూర్చుని నేనూ పితకడం మొదలుపెట్టాను. అడగకుండానే జరిగిందంతా చెప్పాను. అమ్మ చివరిదాకా విని, చేతిలో గింజ తొక్క తీసి పక్కన పడేసింది.

"ఆయప్ప నిన్ను పిలవనే లేదా?"

"పిలిచినాడమ్మా. ఎప్పుడూ ఆయప్పే పిలిచేది."

"అయితే ఆ మాట ఆడనే అందరి ముందర అనాల గదా. ఎందుకు అనలేదు?"

"నాటకంలో నాకు ఆ మాట రాయలేదమ్మా," అన్నాను.

అమ్మ ఇంకో గుప్పెడు గింజలు నా ముందుకు తోసింది.