తెల్ల టేపు చుట్టిన సెన్సార్

మా ఇంట్లో నోరు నాది, చెయ్యి మా అన్నది. అన్న ఏదైనా విప్పాడంటే మళ్ళీ బిగించే దాకా పలకడు. నేను పక్కన కూర్చుని, అది అక్కడిది కాదు, ఇది ఇక్కడిది కాదు అని సతాయించేదాన్ని. ఎవరో తుక్కు కింద అమ్మేసిన ఆయిల్ కూల్డ్ మోటార్ సైకిల్‌ను తెచ్చి, తమిళ సీమలో పాపారపట్టి పక్కన మా చేని ఇంటి వాకిట్లో పెట్టుకుని, ఇంజన్ మొత్తం విడదీసి, మళ్ళీ ప్రాణం పోశాడు. పోయిన వానాకాలం జ్వరం వచ్చి చనిపోయాడు. పెళ్ళి కూడా కాలేదు.

ఆ బండి మీదే నేను ధర్మపురికి, విత్తనాల కొట్లో నా ఉద్యోగానికి పోవడం మొదలుపెట్టాను. ఆడపిల్లకు అంత బండా అని ఊళ్ళో బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనీ. ఆ ఇంజన్ లోపలి బోల్టులను ఆఖరుసారి బిగించింది అన్న చెయ్యి. దాన్ని విప్పే అవసరం రాకుండా, ఇంకొకరి చెయ్యి లోపలికి పోకుండా అది బతకాలి. నాకు కావలసింది అదొక్కటే.

అమ్మ మాత్రం బండి దగ్గరికే వచ్చేది కాదు. వాకిలి ఊడ్చేటప్పుడు బండి కింది జాగా వదిలేసి ఊడ్చేది. చుట్టూ అద్దంలా ఉంటే దాని కింద మాత్రం ఆకులూ మట్టీ. సాయంత్రం నేను బండి దిగుతుంటే లోపలికి వెళ్ళిపోయేది. ఇంత నోరున్న నాకే, ఎందుకమ్మా అని అడిగే ధైర్యం లేకపోయింది.

ఎండలు ముదిరాక ఇంజన్ మరీ కాగడం మొదలైంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆయిల్ మాడిన వాసన వచ్చేది. అన్నకైతే చప్పుడు వింటే చాలు, ఎంత కాగిందో తెలిసేది. నాకూ చెవులున్నాయి, అన్న చెవులు కావు. పాపారపట్టిలో మెకానిక్ షాపున్న అన్న స్నేహితుడు, వేడి చూపించే సెన్సార్ పెడదాం, బండి తీసుకురా అన్నాడు. అన్న బండి మీద ఇంకొకరు పానా పెట్టకూడదని నేను మొండికేశాను. సెన్సారూ చిన్న మీటరూ తెప్పించుకుని ఒక ఆదివారం పొద్దున నేనే కూర్చున్నాను.

పెద్ద పనేం కాదు. ఇంజన్ నుంచి, ఆయిల్‌ను గాలికి చల్లార్చే కూలర్‌కు పోయే గొట్టం మొదట్లో ఒక బోల్టు ఉంటుంది. అది తీసి, సెన్సార్ కూర్చునే బోల్టు వెయ్యాలి. సెన్సార్‌కు ఉన్న ఒక్క వైరును హ్యాండిల్ దగ్గరి మీటరుకు కలపాలి. సెన్సార్‌ను మరలోకి తిప్పబోతుంటే వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఉండుమే! అట్లే బిగిస్తే కారతాది. టేపు సుట్టొద్దా?"

నాన్న పోయినప్పటి నుంచి మా చేలో బోరు పైపులూ డ్రిప్పు గొట్టాలూ అన్నీ అమ్మవే. మర కనిపిస్తే తెల్ల టేపు చుట్టాల్సిందే. మరకు టేపు లేకుంటే మనిషికి గుడ్డ లేనట్టే అంటుంది. డ్రిప్పు సామాన్ల బుట్టలోంచి టేపు చుట్ట తెచ్చి, నా చేతిలోంచి సెన్సార్ లాక్కుని, వరసలు వరసలుగా లాగి చుట్టి, బొటనవేలి గోరుతో నున్నగా అదిమింది. తనే మరలోకి తిప్పి బిగించింది. లేచే ముందు ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి, అలాగే కొంచెంసేపు ఉండిపోయింది. అన్న పోయాక దాన్ని అమ్మ ముట్టుకోవడం అదే మొదలు. నాకు ఏడుపు ఆగలేదు. మరునాడు చూస్తే బండి కింద కూడా ఊడ్చి ఉంది.

మీటరు భలే మంచి మాటలు చెప్పేది. యాభై డిగ్రీలు, అరవై. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా డెబ్బై దాటేది కాదు. ఆయిల్ ఇంత చల్లగా ఉంటే ఇంజన్‌కు ఢోకా లేదని మురిసిపోయాను. మాడు వాసన వస్తే ముందు పోయే లారీది అనుకున్నాను.

అన్న పోయి ఏడాది నిండగానే, హొగేనకల్లు పోయి కావేరిలో మునిగి రావాలంది అమ్మ. బస్సులో పోదామా అంటే వద్దంది.

"వాని బండిలోనే పోదాం," అంది.

నా వెనక కూర్చుని, భుజం పట్టుకుని వచ్చింది. ఏట్లో మునిగి, తడి జుట్టుతోనే తిరిగి పెన్నాగరం వైపు ఘాట్ రోడ్డు ఎక్కుతున్నాం. ఉన్నట్టుండి ఇంజన్ గరగరమని బిగుసుకుపోయింది. వెనక చక్రం జారింది, ఎలాగో పడకుండా ఆపాను. మీటరు అప్పుడు కూడా డెబ్బై చూపిస్తోంది.

టెంపో మాట్లాడుకుని, బండిని పాపారపట్టిలో అన్న స్నేహితుడి షాపుకే చేర్చాం. మెకానిక్ ముందు కూలర్ చూశాడు. రెక్కల సందుల్లో ఎర్రమట్టి గట్టిపడి, గాలి దూరే దారే లేదు. తర్వాత సెన్సార్ ఊడదీసి, తమిళంలో ఒక్క అరుపు అరిచాడు.

"ఎవరు చుట్టింది ఈ టేపు? దీనికి వైరు ఒకటే కదా. రెండో వైరు ఇంజన్ ఒళ్ళే. లోహానికి లోహం తగలాలి. మధ్యలో ఇంత మందాన టేపు ఉంటే, లోపల నిప్పు మండుతున్నా ఇది చల్లగానే చూపిస్తుంది."

నేనే చుట్టానని చెప్పడానికి నోరు తెరిచాను. అమ్మ ముందుకొచ్చింది.

"నేనే సుట్టినాను," అంది తెలుగులోనే, నా వైపు చూస్తూ. "వానికీ ఇట్లే సేసినాను. ఆ పొద్దు నొసలు పట్టి సూస్తే రొంబ సల్లగా ఉండె. అమ్మా, ఆస్పత్రికి పోదామని వాడే అడిగినాడు. జొరమే లేదు, ఏమిటికిరా, పండుకో అంటిని. చారన్నం కలిపి పెట్టినాను. రెండు ముద్దలు తినె."

ఆ జ్వరంలో ఒళ్ళు చల్లబడ్డాకే అసలు ప్రమాదమని మాకు తర్వాత ఎవరో చెప్పారు. చేతులు కాలాక ఆకులు. ఆ రోజు నేను కొట్లో ఉన్నాను, అన్న నోరు తెరిచి అడిగాడన్న సంగతి నాకు షాపులో అమ్మ చెప్పే దాకా తెలియదు. ఒక్క క్షణం అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. ఏడాదిగా ఈ మాట కడుపులో పెట్టుకుని వాకిలి ఊడ్చిన మనిషి మీద ఎంతసేపు కోప్పడను? చెయ్యి పట్టుకున్నాను. తెలుగు రాని మెకానిక్ ఏమైందని కూడా అడగకుండా పానా కింద పెట్టేశాడు.

ఇంజన్ విప్పక తప్పలేదు. పిస్టనూ బ్లాకూ కొత్తవి పడ్డాయి. అన్న బిగించిన బోల్టులు ఒక్కొక్కటే ఊడుతుంటే చూడలేక నేను బయటికి వచ్చేశాను. కూలర్ కడిగి, సెన్సార్‌ను టేపు లేకుండా బిగించి, నూటిరవై దాకా పోయినా భయం లేదని చెప్పి బండి ఇచ్చాడు. తెచ్చుకోవడానికి అమ్మ కూడా వస్తానంది.

ఇప్పుడు మీటరు నిజం చెబుతోంది. ఎనభై, తొంభై, నూరు. అమ్మ నా భుజం మీద నుంచి దాన్నే చూస్తోంది. ఊరు దాటగానే నిలుపు అంది. ఇది మామూలే అని చెప్పినా వినలేదు. కర్రపెండలం చేని గట్టున ఆపి, ఇంజన్ కట్టేసి, మీటరు ఆరిపోకుండా తాళం చెవి మాత్రం అలాగే ఉంచాను. ఇద్దరం ఎండలో నిలబడి అంకెలు దిగడం చూశాం. చాలాసేపటికి డెబ్బైకి వచ్చింది.

"సల్లబడిందిమ్మా, ఎక్కు," అన్నాను.

అమ్మ కదల్లేదు.

"సల్లబడితేనే నాకు బయంమే," అంది.

నేను మళ్ళీ ఎక్కమనలేదు. బాగైన బండిని ఇద్దరం తోసుకుంటూ ఇంటి దాకా నడిచాం.