బండలాగుడు నాటి నాడి

ప్రొద్దుటూరులోని ఒక ఫార్మసీ కళాశాలలో ఔషధశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా ప్రయోగశాలలో తెల్ల చిట్టెలుకలకు ప్రొప్రనలాల్ అనే మందును నీళ్లలో కలిపి వారాల తరబడి ఇచ్చేవాళ్లం. గుండె కణాల మీద అడ్రినలిన్‌ను అందుకొనే గ్రాహకాలుంటాయి. భయమో ఉద్రేకమో కలిగినప్పుడు గుండె పరుగెత్తేది వాటి వల్లనే. ఈ మందు వాటిని మూసి ఉంచుతుంది. శరీరం ఊరుకోదు, మరిన్ని గ్రాహకాలను పుట్టించుకుంటుంది. అప్పుడు మందు ఒక్కసారిగా ఆపి, అడ్రినలిన్ వంటిదాన్ని రవ్వంత ఎక్కిస్తే, మామూలు ఎలుక గుండె కొంచెం వేగపడే చోట మందు మానిన ఎలుక గుండె అదుపు తప్పేది.

నా భార్య తమ్ముడు పులివెందుల దగ్గర రైతు. ఛాతీనొప్పికి అతనికీ అదే మందు రాశారు. మొన్న వేసవిలో జమ్మలమడుగులో జరిగిన బండలాగుడు పోటీకి అతని ఎద్దుల జత వస్తే చూడబోయాను. మరో జత తర్వాత వాళ్ల వంతు. అతను చెర్నాకోల పట్టుకొని నిలబడి ఉన్నాడు. నుదుట చెమటలు, కుడిచేయి రొమ్ము మీద. మణికట్టు పట్టి చూశాను. నాడి లెక్కకు అందలేదు.

"మాత్ర వేసుకున్నావా?"

"వారం నాడే ఇడిసిపెట్టినా బావా. అది మింగితే గుండె కొట్టుకుంటాందో లేదో గూడా తెలీదు. పందెం నాడు మనిషి గట్టిగ ఉండల్ల గదా!"

"హఠాత్తుగా మానితే గుండె నిలబడదు. ఎలుకల్లో నేనే చూశాను. కారెక్కు, ప్రొద్దుటూరు ఆసుపత్రికి పోదాం."

"నీ ఎలకలకు ఎద్దులున్యాయా బావా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"నొప్పి లేదా?"

"శానా లేదు. నా జత బండకాడ నిలబడినంక నేను యాడికీ రాను. నువ్వు గమ్మునుండు."

ముందు జత గీత దాటింది. జనం ఈలలు వేశారు. అతని పెదవులు తెల్లబడ్డాయి. తన జత పోటీలో ఉన్నంతసేపు ఇతను కదలడని నాకు అర్థమైంది. నేరుగా వేదిక దగ్గరకు వెళ్లి, యజమానికి ఒంట్లో బాగాలేదు, ఈ జత పోటీలో లేదని మైకులో చెప్పించాను.

అతను నన్ను కొట్టడానికే వచ్చాడు. నాలుగడుగులు వేసి కూలబడ్డాడు. అతని జీతగాళ్లే మోసుకొచ్చి కారులో పడుకోబెట్టారు, వాళ్లలో ఒకడే నడిపాడు.

"ఏం పని చేస్తివి బావా! నా మొగం యాడ పెట్టుకోవల్ల?" అని దారి పొడుగునా గొణిగాడు. ఆ గొణుగుడు ఆగినప్పుడల్లా వంగి ఊపిరి చూశాను.

ఆసుపత్రిలో మందు మళ్లీ మొదలుపెట్టారు. రెండోనాటికి నాడి దారికొచ్చింది. పలకరించబోతే గోడ వైపు తిరిగాడు.

ఎలుకల అయివారు తన జతను బరి ఎక్కకుండానే ఓడించాడని ఇప్పటికీ ఊరంతా చెబుతాడట. చెప్పనీ. చెప్పడానికి మనిషి ఉన్నాడు.