గోవిందరాజులు గారు వెతికిపెట్టని తీర్పు

అద్దెకున్న మనిషి బయటికి వెళ్లిన సమయం చూసి ఆమె గదికి మీరు తాళం వేయవచ్చా? వేయవచ్చనే మీలో చాలామంది అనుకుంటారు. ఇల్లు మనదే కదా అంటారు. అంత ధీమా ఉన్నవారు మా న్యాయ కళాశాల గ్రంథాలయంలో గోవిందరాజులు గారి బల్ల ముందు ఒక్క మధ్యాహ్నం కూర్చుని ఉండవలసింది.

ఆయన అక్కడ ఇరవై రెండేళ్లుగా లైబ్రరీ అసిస్టెంటు. స్వస్థలం అమలాపురం దగ్గర. ఢిల్లీకి వచ్చి ముప్పై ఏళ్లు దాటినా ఆయన మాటలో గోదావరి యాస అంగుళమైనా కదలలేదు. న్యాయశాస్త్రంలో పట్టా లేదు గానీ, డేటాబేసులో దాక్కున్న తీర్పును బయటికి రప్పించడంలో మా ఆచార్యులలో సగం మంది ఆయన ముందు నిలవరు. అయితే ఎవరికీ తాను వెతికిపెట్టరు. చేతులు వెనక్కి కట్టుకుని విద్యార్థి కుర్చీ వెనక నిలబడతారు. పట్టా మీ వేళ్లకు రావాలి గానీ నా వేళ్లకు కాదు కదా అంటారు.

ఆయన పద్ధతి ఒకటి ఉంది. పాత కేటలాగు కార్డులు సొరుగుల నిండా ఆయన దగ్గర మిగిలిపోయాయి. కంప్యూటరు తాకేముందు ఒక కార్డు వెనక్కి తిప్పి, ఎడమవైపు జరిగిన విషయం మన మాటల్లో రాయాలి. కుడివైపు అదే విషయాన్ని న్యాయమూర్తి ఏమని రాస్తాడో ఊహించి రాయాలి. కుడివైపు ఖాళీగా ఉన్న కార్డుతో వచ్చినవారిని ఆయన వార్తాపత్రికలు చదువుకోమని పంపించేస్తారు.

మొన్న ఆగస్టులో మా న్యాయ సహాయ విభాగానికి అనూహ్య అనే అమ్మాయి ఫోన్ చేసింది. విశాఖపట్నం నుంచి సివిల్స్ కోసం వచ్చి, జియా సరాయ్‌లో పీజీలో, అంటే పేయింగ్ గెస్టుగా, ఉంటూ కరోల్ బాగ్‌లో కోచింగ్‌కు వెళుతోంది. వంట నిషిద్ధమైన ఆ గదిలో ఇండక్షన్ పొయ్యి పెట్టి, అమ్మ పంపిన ఎండు నెత్తళ్లు వేయించింది. వాసన కింది అంతస్తు దాకా దిగింది. మర్నాడు కోచింగ్ నుంచి వచ్చేసరికి గదికి తాళం. మిగతా అమ్మాయిలందరి ముందూ చెవులు పట్టుకుని క్షమాపణ చెబితేనే తాళం తీస్తానని ఇంటి ఆంటీ షరతు పెట్టింది. చెప్పనని అనూహ్య వచ్చేసింది. రెండేళ్ల చేతిరాత నోట్సు మొత్తం లోపలే ఉండిపోయింది. మెయిన్స్ పరీక్షకు తొమ్మిది రోజులే ఉన్నాయి.

ఈ పని నాకూ భరద్వాజ్‌కూ అప్పగించారు. భరద్వాజ్ గురుగ్రామ్‌లో పెరిగిన తెలుగువాడు. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తాడు. వాడు కార్డు రాయకుండానే డేటాబేసులో పీజీ, ఓనర్, తాళం అనే అర్థం వచ్చే మూడు మాటలు కొట్టాడు. పదకొండు వేల ఫలితాలు వచ్చాయి. మొదటి యాభై వైద్య విద్యలో పోస్టుగ్రాడ్యుయేట్ సీట్ల వివాదాలు.

గోవిందరాజులు గారు వెనకనుంచి తొంగి చూశారు. "ఏ జడ్జిగారైనా తీర్పులో పీజీ ఆంటీ అని రాస్తాడా బాబూ? నీ మాట కాదు, ఆయన మాట వెయ్యి."

"తో క్యా లిఖూఁ, అంకుల్?" మరి ఏం రాయాలని వాడి ప్రశ్న.

"ముందు కార్డు మీద రాయి. తర్వాత మిషను మీద."

రాశాం. పీజీకి ఎదురుగా, యజమాని అనుమతితో నివసించే వ్యక్తి అని. తాళానికి ఎదురుగా, చట్టప్రకారం కాకుండా స్వాధీనం తప్పించడం అని. ఆ మాటలనే ఇంగ్లీషులో పెట్టి, విడిపోకుండా కొటేషన్ గుర్తులు తగిలించి, ఢిల్లీ హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ పరిమితం చేస్తే పదకొండు వేలు నలభై మూడుకు దిగాయి. అందులో ఒక అద్భుతమైన తీర్పు భరద్వాజ్ కంటపడింది. అచ్చం అనూహ్య కోసమే రాసినట్టుంది. ప్రింటు తీసుకుని పరుగెత్తుకొచ్చాడు.

"బతికే ఉందా?" అన్నారు గోవిందరాజులు గారు.

తీర్పులు చనిపోతాయని వాడికి అప్పటిదాకా తోచలేదు. దాన్ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో చూపే లింకు నొక్కమన్నారు. మూడేళ్లకే పై ధర్మాసనం దాన్ని కొట్టేసింది. చచ్చిపోయిన తీర్పుకి దండేసి కోర్టుకి ఊరేగిస్తారా అని ఆయన చాలాసేపు నవ్వుకున్నారు.

మూడో రోజుకు బతికున్న తీర్పు దొరికింది. ఉండేందుకు హక్కు ముగిసిన వ్యక్తినైనా సరే కోర్టు ద్వారానే ఖాళీ చేయించాలి, తాళంతో కాదని ఇరవై రెండు పేజీల్లో ఉంది. దానికి వ్యతిరేకంగా వాదించదగిన దారులన్నీ ఒక్కొక్కటిగా వెతికి మూసేయమని ఆయన మమ్మల్ని మరో పూట కూర్చోబెట్టారు. మూసేశాక తన ఫ్లాస్కులోని టీ మాకు పోశారు.

"ఆ ఆంటీ ఎవరో గానీ, ఇది చదివితే తాళమేంటి, తలుపే ఊడదీసి ఇచ్చేస్తుంది."

ఇక నోటీసు రాయాలి. రాయబోతే ఆంటీ పేరు తెలియదు. మూడు రోజుల పాటు న్యాయం మొత్తం వెతికాం గానీ ప్రతివాది పేరు అడగలేదు. ఢిల్లీలో ఇల్లు అద్దెకిచ్చే ఆవిడ మొదటి రోజు నుంచీ ఆంటీయే. ఒప్పంద పత్రం లేదు, రసీదు లేదు. అనూహ్య ఫోనులో కూడా ఆమె పేరు "ఆంటీ జియా సరాయ్" మాత్రమే. చివరకు అనూహ్య చిరునామా పంపింది. ఇంటి నంబరు, గల్లీ నంబరు సరిగా ఉన్నాయో లేదో చూడమని నేను ఆయనకు చదివి వినిపించాను.

ఆయన కళ్లద్దాలు తీశారు. గుమ్మానికి ఆకుపచ్చ ఇనప గేటు ఉంటుందేమో ఆ అమ్మాయిని అడగమన్నారు. అడిగాను. ఉంటుందంది.

"పేరు కాంతమ్మ. రాసుకో అమ్మాయ్," అన్నారు. "మా ఆవిడ."

ఆ ఇంట్లో రెండు అంతస్తులు ఆయనే లీజుకు తీసుకున్నారు. రెండో అంతస్తులో దంపతుల కాపురం. మూడో అంతస్తులో కాంతమ్మ గారు నడిపే ఆడపిల్లల గదులు. ఆడపిల్లలుండే చోటని ఆయన ఏనాడూ ఆ మెట్లెక్కలేదు. తాళం సంగతి ఆయన చెవిన పడకపోలేదు. పాప ఊరికెళ్లిందని కాంతమ్మ గారు చెబితే నమ్మేశారు.

"ఇప్పుడెలా అంకుల్?" అన్నాడు భరద్వాజ్, స్వచ్ఛమైన తెలుగులో.

"లే బాబూ," అని వాణ్ణి లేపి గోవిందరాజులు గారు ఆ కుర్చీలో కూర్చున్నారు. ఇరవై రెండేళ్లలో తొలిసారి ఆయన చేతులు వెనకనుంచి ముందుకొచ్చాయి. యజమానులను గెలిపించిన తీర్పు కోసం రెండు గంటలు వెతికారు. మాటలు మార్చారు, కోర్టులు మార్చారు, సంవత్సరాలు వెనక్కి జరిపారు. ఏ దారిలో వెళ్లినా మేం వేసిన గడియే ఎదురైంది. ఒక్కసారి మాత్రం ఆయన ముఖం వెలిగింది. యజమాని గెలిచిన తీర్పు ఒకటి తెర మీద ఉంది.

"బతికే ఉందా అంకుల్?" అన్నాను.

ఆయన లింకు నొక్కారు. బతికి లేదు. తన పాఠం తనకే తగిలినందుకు ఆయనకు కోపం రావలసింది. నవ్వొచ్చింది.

నోటీసు అక్కర్లేదని భరద్వాజ్ ఒక ఉపాయం చెప్పాడు. ఆంటీ కూరగాయలకు వెళ్లినప్పుడు తాళంచెవి తీసి తలుపు తెరిచి, అనూహ్యను నోట్సు తీసుకెళ్లమంటే సరిపోతుందని. ఆయన వెంటనే కాదనలేదు. గోడ గడియారం కేసి చూశారు. ఆంటీ కూరగాయలకు ఏ వేళ వెళ్తారో ఆయన లెక్కగడుతున్నారని మాకు అర్థమైంది.

చివరకు తల అడ్డంగా ఊపారు. "ఆవిడ లేనప్పుడు తీస్తే అది దొంగతనమవుద్ది. రేపు ఇంకో పిల్ల గదికి మళ్లీ వేస్తది."

లీజు తన పేరు మీదే ఉంది గనక నోటీసులో తన పేరే ముందు రాయమన్నారు. రాశాక ముట్టినట్టు సంతకం చేసి, తీర్పు ప్రతితో కలిపి సంచిలో పెట్టుకున్నారు. ఆ సాయంత్రమే, కాంతమ్మ గారు ఇంట్లో ఉండగా, తాళంచెవి ఆమె చేతినుంచే అడిగి తీసుకుని, ఆమెను వెంటబెట్టుకుని మూడో అంతస్తు ఎక్కాలని గోవిందరాజులు గారు నిర్ణయించుకున్నారు.