ఏరేసిన గింజలు

మా పక్కింటి ఆంటీ పోయిన మంగళవారం కన్నుమూశారు. వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెబితే, "సరిగ్గా చూశారా? డాక్టరే వచ్చి చెప్పాడా?" అని అడిగాను. ఆ అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది. "అచ్చం అమ్మలాగే అడిగావక్కా" అంది.

నేను ఇక్కడ అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. అనుమానించడానికే నాకు జీతమిస్తారు. ఆంటీ ఆ పని ఉచితంగా చేసేవారు. స్టోర్‌లో పాల డబ్బా మీద తేదీ చదివి, వెనక వరసలోది తీసి దాని తేదీ కూడా చదివేవారు. ఇండియాలో సర్కారు బడి హెడ్‌మిస్ట్రెస్‌గా ఏళ్ళ తరబడి మధ్యాహ్న భోజనం బియ్యం దింపించుకున్న మనిషి మరి. "బస్తా మూతి చూసి సంతకం పెట్టకు. అడుగున చెయ్యి పెట్టు" అనేవారు.

యుద్ధం ఆగిన ఒక దేశానికి అమెరికా ఓడల్లో తిండి పంపుతుంటే, కిందటేడు మా ఊరి గోడౌన్‌లో ప్యాకెట్లు కట్టడానికి వాలంటీర్లు కావాలన్నారు. శనివారాలు ఇద్దరం వెళ్ళేవాళ్ళం. మొదటి రోజే ఆంటీ పళ్ళెంలోంచి ఒక బియ్యపుగింజ తీసి గోటితో నొక్కారు.

"చూశావా అమ్మాయ్? పసుపు రంగులో, మొద్దుగా. ప్లాస్టిక్!"

"ఇది గవర్నమెంట్ సప్లై ఆంటీ. చెక్ చేసే పంపిస్తారు."

"ఏ గవర్నమెంటైనా నాసిరకం బయటికి తీసేది దానం చేసేటప్పుడేనమ్మా. తినేవాళ్ళు నోరెత్తి అడగలేరుగా."

నాకూ ఆ అనుమానం అంటుకుంది. నాలుగు శనివారాలు వేళ్ళు నొప్పెట్టేలా ఏరాం. పక్క బల్లవాళ్ళు మా శుభ్రత చూసి మెచ్చుకున్నారు కూడా. ఏరినవన్నీ ఆంటీ ఖాళీ ఆవకాయ సీసాలో దాచారు, సాక్ష్యానికి. ఊరికే కంప్లైంట్ రాస్తే ఎవరూ నమ్మరట.

ఆ కంప్లైంట్ కోసమే నేను బస్తా మీది చిన్న అక్షరాలు మొదటిసారి చదివాను. అవి ప్లాస్టిక్ కావు. తిండిలేక నీరసించిన పిల్లలకు రక్తం పట్టాలని, ఇనుము, విటమిన్లు బియ్యప్పిండిలో కలిపి అచ్చుపోసిన గింజలు. గుప్పెడు బియ్యంలో ఏ ఒకటో రెండో ఉంటాయి. సరిగ్గా వాటినే మేం ఏరేశాం.

"పిల్లల నోటి దగ్గర మందు లాగేశానే తల్లీ!" అని ఆంటీ సోఫాలో కూలబడ్డారు. నా భయం వేరు. వీసా మీద ఉన్నదాన్ని, సాయం తిండిలో చెయ్యి పెట్టానని ఎక్కడైనా రాస్తే? "ఎవరికీ తెలీదు, వదిలేయండి ఆంటీ" అన్నాను. సిగ్గులేకుండా అన్నాను.

"నన్ను గోడౌన్ దగ్గర డ్రాప్ చేసి నువ్వు కార్‌లోనే ఉండు. నీ పేరు రానివ్వను" అన్నారు. సీసా పట్టుకుని ఒక్కరే లోపలికి వెళ్ళారు. నేను కార్‌లోనే ఉన్నాను. అదీ ఇక్కడ రాయాలి.

గోడౌన్‌లో ఉన్న ప్యాకెట్లు విప్పి మళ్ళీ కడతామన్నాడట మేనేజర్. కానీ మొదటి రెండు వారాలవి అప్పటికే ఓడెక్కాయి. "బాధపడకండి, ఎలాగూ కడుపులు నిండుతాయి" అన్నాడట. "కడుపు నిండితే చాలదనే కదా మీరు ఆ గింజ కలిపింది?" అని అడిగి వచ్చారు ఆంటీ. ఆయన అంత తేలిగ్గా క్షమించడం మీదా అనుమానమే. "నిజంగా విప్పుతాడంటావా?" అని దారంతా నన్ను సతాయించారు. తర్వాతి శనివారం వెళ్ళి, దగ్గరుండి విప్పించారు.

ఆ తర్వాత కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ, "ముందు చదువు, తర్వాత అనుమానించు" అని చెప్పేవారు. తనకు మాత్రం ఊరట దొరకలేదు.

పోయిన నెల ఆంటీని చూడ్డానికి ఆస్పత్రికి వెళ్ళేసరికి ఫోన్‌లో ఆ దేశం వార్తలు చూస్తున్నారు. ఫొటోలో ఓ చిన్నపిల్ల, ఒళ్ళో అన్నం గిన్నె. "ఎంత బాగా నవ్వుతోందో చూడండి ఆంటీ" అన్నాను. ఆవిడ ఆ ముఖం వైపు చూడనేలేదు. సెలైన్ సూది ఉన్న చేత్తోనే, రెండు వేళ్ళతో ఆ గిన్నెను పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, అన్నంలో ఒక్క పసుపు గింజ కోసం వెతుకుతున్నారు.