బీరువా కాలి దగ్గర పసుపు మరక

మా అత్తగారు పోయి పద్నాలుగు రోజులైంది. పొద్దున్నే కాఫీ పట్టుకెళ్ళి పిలిస్తే పలకలేదు. బెల్లం కొట్టుకి వెళ్ళిన మావారికి ఫోన్ చేసి నేనే చెప్పాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. అప్పటినుంచి ఏడుపు రాలేదు. దేవుడి ముందు కూర్చుంటే శ్లోకం నోటికి వస్తోంది, మనసు మాత్రం కదలడం లేదు. బడి మానేశాక ఉత్తరాలు తప్ప ఏమీ రాయనిదాన్ని. ఏడవలేనప్పుడు రాయనైనా రాయాలనిపించి పెన్ను పట్టుకున్నాను.

మా హాల్లో ఉన్న టేకు బీరువా ఆవిడది. మాది బెల్లం వ్యాపారం. మగవాళ్ళు కొట్టు నుంచి వచ్చి ఆ బెల్లం చేతులతోనే దాని తలుపు తీసేవారు. వెనకాలే చీమలు వచ్చేవి. "సీమలకి సుబలేకలేసేత్తన్నావేటిరా?" అని అత్తగారు కొడుకుని దెప్పుతూ గుడ్డ అందుకునేవారు. రెండు గుడ్డలు, రెండూ మామగారి పాత పంచె ముక్కలే. ఒకటి తడిపి, చుక్క రాలనంతగా పిండినది. ఇంకోటి పొడిది. తడిగుడ్డ వెళ్ళిన వెనకే పొడిగుడ్డ వెళ్ళాలి.

"సెక్క ఎటు పడుకుంటే అటే తుడవాలమ్మా" అనేవారు, చెక్కలో చారలు సాగిన వైపు వేలు నడిపి చూపిస్తూ.

ఎప్పుడైనా తేనెమైనం, నూనె కలిపి కరిగించి, పల్చగా రాసి, మెరుపు వచ్చేదాకా రుద్దేవారు. సొరుగుల్లో పురుగు పట్టకుండా లవంగాల మూట పెట్టేవారు. అప్పుడు ఆవిడ పెదవులు కదులుతుండేవి. జపం చేస్తున్నారో, బీరువాతో మాట్లాడుతున్నారో తెలిసేది కాదు.

మామగారు పోయినప్పుడు, మైల శుద్ధి రోజున, నేను ఇల్లంతా కడుగుతూ భక్తి కొద్దీ చెంబుడు పసుపు నీళ్ళు బీరువా మీద కూడా పోసేశాను. సాయంత్రానికి పాలిష్ తెల్లగా పొంగింది. కాలి దగ్గర చెక్కలోకి పసుపు ఇంకిపోయింది. ఆవిడ చూశారు. తిట్టలేదు.

"మంచికే పోసేవులే. ఆరనీ" అన్నారు.

నెల్లాళ్ళు నీడలో ఆరనిచ్చి, పాలిష్ చేసే అతన్ని పిలిపించారు. అతను కాలి దగ్గర మరక గీకబోతే, "అదుండనీ నాయనా" అన్నారు. ఎందుకని నేను అడగలేదు.

మొన్న ఆవిడ మైల శుద్ధి. కశింకోట నుంచి వచ్చిన ఆవిడ చెల్లెలు, మా పిన్నత్తగారు, పసుపు నీళ్ళ బకెట్టుతో బీరువా ముందుకొచ్చారు.

"సూత్తా నిలబడ్డావేటమ్మా? తప్పుకో, పోసేత్తాను."

"వద్దండి పిన్నత్తా."

"మైల మనుసులకేనేటి, సామాన్లకి నేదా? ఇన్ని పూజలు సేత్తావు, నీకు తెల్దా?"

తెలుసు. ఈ ఇంట్లో పెద్దవాళ్ళకి నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు. శుద్ధి తప్పితే పోయినావిడకే దోషమేమోనని ఒక భయం. నీళ్ళు పడితే ఆవిడ ఇన్నేళ్ళ చేతిపని పోతుందని ఇంకో భయం. పక్కకి తప్పుకోలేదు. పక్కనే ఉన్న అత్తగారి గుడ్డే అందుకుని, ఆ బకెట్టులోనే ముంచి, చుక్క రాలనంతగా పిండి, చెక్క పడుకున్న వైపే తుడిచాను. వెనకే పొడిగుడ్డ.

"ఇవీ పసుపు నీళ్ళేనండి" అన్నాను.

"మా అప్ప కూడా ఇలాగే పిండేది" అని పిన్నత్తగారు బకెట్టు కింద పెట్టేశారు.

తుడుస్తూ తుడుస్తూ కాలి దగ్గరికి వచ్చాను. నా మరక అక్కడే ఉంది. దాని చుట్టూ చెక్క మిగతాచోట కన్నా నున్నగా ఉంది. ఇన్నేళ్ళూ ఆవిడ గుడ్డ అక్కడ ఎక్కువసేపు ఆగి ఉంటుంది.

ఈ కాగితాలు ఎవరి చేతికి వచ్చినా, కింది సొరుగులో లవంగాల మూట పక్కన ఉంచండి. ఎవరికీ చూపించకండి. ఇవాళ కూడా బీరువా తుడిచి, గుడ్డలు రెండూ దండెం మీద వేశాను. తడిది ఇంకా ఆరలేదు.