అరటితోటకు కాపలా

భర్త పోయాక తొమ్మిదేళ్లుగా ఆమె అడవి అంచున ఉన్న ఎకరం అరటితోటను ఒంటిచేత్తో సాగుచేస్తోంది. ఏనుగులు దిగడం మొదలయ్యాక, ఇంట్లోవాళ్ల పోరు పడలేక మరిదిని కాపలాకు తోడు పెట్టుకుంది. అతను తిండికి ముందుండే మనిషేగానీ, పనికొస్తాడన్న భ్రమ ఆమెకు ఏనాడూ లేదు.

ఆ రోజు తెల్లవారుతుండగా ఒంటరి ఏనుగు ఒకటి కంచె తొక్కుకుని లోపలికొచ్చింది. ఆమె చేతులు బొబ్బలెక్కేదాకా రేకుడబ్బాను కర్రతో బాదింది. నలభై చెట్లు కూల్చి, ఎండెక్కేసరికి అది తీరుబడిగా వెనక్కి వెళ్లింది. మరిది మాత్రం కంటికి కనబడలేదు.

మధ్యాహ్నం టీకొట్టు దగ్గర అతగాడు పదిమందిని పోగేసి, "నా కేకకే జడిసి తోక ముడిచిందనుకో!" అంటూ మీసం దువ్వుతున్నాడు. ఆమె నేరుగా వెళ్లి అతని ముందు ఒక చెప్పు పడేసింది.

"ఏంటొదినా ఇది?"

"నీదే. పక్కింటి డాబా నిచ్చెన కింద పడుంది. ఎక్కే తొందరలో జారిపోయినట్టుంది."

జనం గొల్లుమన్నారు. అతను తల దించుకున్నాడు.

"ఆ ఏనుగుకున్న సిగ్గు కూడా నీకు లేదయ్యా. తిన్నదానికి అది గొప్పలు చెప్పుకోదు. రేపట్నుంచి రావద్దు. తోటను కాయనా, నిన్ను కాయనా?"

మర్నాటి నుంచి ఆమె ఒక్కతే కాపలా కాసింది. పని సగం తగ్గినట్టనిపించింది.