రెండు ప్లగ్గుల వైరు

మా ఇంట్లో రెండేళ్ళుగా ఆక్సిజన్ మిషన్ ఆగకుండా నడుస్తోంది. మా ఆవిడ ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. ముక్కుకు పెట్టిన గొట్టం తీస్తే పది అడుగులు కూడా వేయలేదు. కాజీపల్లిలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. అందుకే ఆవిడ మొహం కంటే మీటరు మీది ఎర్ర దీపాన్నే ఎక్కువగా చూస్తూ బతుకుతున్నాను.

ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేసినవాణ్ణి. సొంతింటికి కరెంటు ఏర్పాటు చేసుకోవడం నాకో లెక్కా అనుకున్నాను. ఇన్వర్టరు ఉంది గానీ ఈ మిషన్‌కు గంట కూడా ఆగదు. లైను పని పెడితే పూటంతా కరెంటు రాదు. జనరేటరు కొందామనుకుని, దానికి పెట్రోలు డబ్బాలో పోస్తారా అని బంకులో అడిగితే, "డబ్బల పొయ్యం సార్, ఆర్డర్ లేదు" అన్నాడు. జనరేటరును నడిపించుకుని బంకు దాకా తేవాలా అని పోట్లాడి వచ్చాను.

చివరికి సోలార్ వైపు మొగ్గాను. దరఖాస్తు, తనిఖీ, పన్ను రసీదులో పేరొకటి ఆధార్‌లో ఇంకొకటి అని ఒక కొర్రీ, స్టాంపు కాగితం మీద ఒప్పందం, మీటరు పరీక్ష. ఆఫీసు మెట్లు ఎక్కి దిగేసరికి వానాకాలం పోయి ఎండాకాలం వచ్చింది. పలకలు బిగించిన వారానికే మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. నెత్తిన ఎండ మండిపోతుండగానే సోలార్ కూడా ఆగిపోయింది.

బిగించినతనికి ఫోన్ చేసి అరిచాను.

"లైన్ల కరెంట్ లేకుంటే సోలార్ గూడ బంద్ అయితది సార్. రూల్ గట్లనే ఉంది. పోల్ మీద పనిచేసేటోనికి షాక్ కొట్టొద్దని."

నాకు తెలియనిదా? ఫ్యాక్టరీలో స్విచ్చికి తాళం వేసి, చీటీ కట్టి, సంతకం పెట్టాకే ఎవరినైనా తీగ ముట్టనిచ్చేవాణ్ణి. అన్నేసి కాగితాల మీద సంతకాలు పెడుతూ ఈ ఒక్క సంగతి అడగాలని తోచలేదు. సిగ్గుతో ఒళ్ళు మండింది. ఆ మంట రూల్ మీద చూపించాను.

ఆ కోపంలోనే చిన్న జనరేటరు కొన్నాను. స్కూటర్ ట్యాంకులోంచి పైపుతో పెట్రోలు లాగాను. పొగ లోపలికి రాకూడదని దాన్ని పెరట్లో పెట్టాను. అక్కడి నుంచి మిషన్ గదికి ఇంట్లో ఉన్న వైరు అందలేదు. రెండు కొసలకీ ప్లగ్గులు బిగించి ఇంకో వైరు చేశాను. ఒక కొస జనరేటరుకు, రెండోది పెరటి గోడ సాకెట్లోకి. ఇల్లంతా కరెంటు వస్తుంది. మెయిన్ స్విచ్చి దించడం మరిస్తే అది వీధి తీగలోకీ పోతుంది. ఫ్యాక్టరీలో ఎవడైనా ఇలాంటిది చేస్తే ఆ రోజే గేటు బయటికి పంపేవాణ్ణి.

పోయిన నెల ఒక ఉదయం కరెంటు పోయింది. అవసరానికని ఉంచుకున్న ఒక్క ఆక్సిజన్ సిలిండరూ నింపడానికి ఇచ్చి ఉన్నాం. ఇన్వర్టరు కూత పెట్టి ఆగింది. ఆవిడ పెదవులు నల్లబడ్డాయి. పెరట్లోకి పరిగెత్తి, జనరేటరు తాడు గుంజి, ప్లగ్గు పెట్టాను. మిషన్ మళ్ళీ మోగింది. ఆవిడ కళ్ళు తెరిచింది. దేవుడా అనుకుని కూలబడ్డాను.

అంతలో ఎవరో గేటు దబదబా బాదారు. మా వీధి లైన్‌మన్. చేతిలో టెస్టర్. మా ఇంటికొచ్చే తీగ స్తంభం దగ్గర కాలిపోతే కట్టడానికి ఎక్కాడట.

"ఫ్యూజ్ నేనే పీకిన సార్. మీ వైర్ల కరెంట్ యాడికెల్లి వస్తుంది? ముట్టకముందు టెస్టర్ పెట్టిన గాబట్టి బతికిన."

నేను మెయిన్ దించలేదు. వెళ్ళి దించాను.

"దించిన తమ్మీ, ఇగ ఎక్కు."

"మీ మాట మీద ఎక్క సార్. జనరేటర్ బంద్ చెయ్యుండ్రి."

గది వైపు చెయ్యి చూపాను. గొట్టంతో పడుకున్న మనిషిని అతను చూశాడు. మొహం తిప్పుకున్నాడు గానీ మాట మార్చలేదు. అతని చోట నేనున్నా అదే అనేవాణ్ణి.

"బంద్ చెయ్యుండ్రి," లోపలి నుంచి మా ఆవిడే అంది. "ఆయన్ను గూడ బతకనియ్యుండ్రి."

ఆపాను. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవాల్సినవాణ్ణి, ఆమె మొహం చూడలేక వీధిలోకి వచ్చి నిలబడ్డాను. జల్దీ కానియ్యి అని అరవాలనుంది. ఆ మాట అనే మొహం నాకు లేదు. ఊపిరి కోసం ఆమె పడుతున్న పాట్లు వీధిలోకి వినిపిస్తున్నాయి. స్తంభం పైన అతను తీగకు ఇంకోసారి టెస్టర్ పెట్టి చూసుకున్నాడు.